మైకమ్మ తేదీ చెప్పని రోజు

మా తోడికోడలు ఇంట్లో నోరు విప్పదు. నమ్మరు గానీ నిజం. ఉప్పు డబ్బా కావాలంటే వేలు చూపిస్తుంది. కోపమొస్తే గిన్నె కాస్త గట్టిగా కింద పెడుతుంది, అంతే. ఆవిడ వాటా మాటలు కూడా నేనే మాట్లాడేస్తున్నానని మా ఆయన దెప్పుతుంటాడు. అలాంటి మనిషి పొద్దున్నే ఆరింటికి బస్టాండులో మైకు ముందు కూర్చుందంటే, పరిగెత్తే వాళ్ళు కూడా ఆగి చెవి ఒగ్గుతారు. ఇరవై నాలుగేళ్ళుగా అదే కుర్చీ, అదే గొంతు.

మా ఆయన అన్నగారి భార్య ఆవిడ. నాకంటే ఏడేళ్ళు పెద్ద. నేను అక్కా అంటాను, ఊరందరూ మైకమ్మ అంటారు. ఆ బస్టాండులోనే మెట్ల పక్కన నాకో పుస్తకాల కొట్టు ఉంది. దినపత్రికలు, వారపత్రికలు, పిల్లల బొమ్మల పుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు. ఆవిడ కూర్చునే అద్దాల గదికీ నా కొట్టుకీ మధ్య గట్టిగా చూస్తే ఇరవై అడుగులు ఉంటాయి. నాకు నోరెక్కువని ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. పైసా తియ్యకుండా పత్రిక మొత్తం నిలబడి చదివేసి, మడతపెట్టి పోయేవాళ్ళని నేను ఊరికే వదలను.

ఆవిడ పని చేసే తీరు చూస్తే ఎవరికైనా విసుగొస్తుంది. బస్సు లోపలికి రాగానే కంట్రోలర్ చీటీ పంపిస్తాడు. ఇంకొకరైతే ఆ చీటీ చూసి చదివేస్తారు. ఈవిడ చీటీ పక్కన పెట్టి, కళ్ళజోడు సవరించుకుని, గది తలుపు తీసుకుని బయటికి వస్తుంది. బస్సు నంబరు చూస్తుంది, బోర్డు చూస్తుంది, డ్రైవరు సీట్లో ఉన్నాడో టీ తాగడానికి జారుకున్నాడో చూస్తుంది. అప్పుడు వెనక్కి వెళ్ళి మైకు నొక్కుతుంది. రోజుకి నూట యాభై బస్సులు. ఆ నడకకే ఆవిడ చెప్పులు ఆర్నెల్లకోసారి అరిగిపోతాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కండక్టరు మాట పట్టుకుని రెండో ప్లాట్‌ఫాం అని చెప్పేసిందట. బస్సు ఐదో దానికి వచ్చింది. ఆసుపత్రికి వెళ్ళాల్సిన పెద్దాయన ఒకరు మూటతో సహా పరిగెత్తి, పడి, మోకాలిచిప్ప పగలగొట్టుకున్నాడు. ఆయన్ని ఆసుపత్రిలో చేర్చి, వారం రోజులు చూడ్డానికి వెళ్ళొచ్చింది. ఇదంతా నాకు మా అత్తగారు చెప్పింది. అక్క తన నోటితో చెప్పింది ఒకే ఒక్క ముక్క: "కళ్ళతో చూడనిది మైకులో చెప్పకూడదే." 

మధ్యాహ్నం బస్సులు పలచబడినప్పుడు నా కొట్టుకి వచ్చి కూర్చుంటుంది. ఒక పత్రికలో వార్త చదివి, అదే వార్త ఇంకో పత్రికలో వెతుక్కుని మళ్ళీ చదువుతుంది. ఒకసారి నాకు ఒళ్ళు మండి అడిగాను.

"ఒకే కూరని రెండు గిన్నెల్లో తింటావేంటక్కా?"

"రెండూ ఒకే కూరో కాదో చూద్దామని," అంది. తర్వాత ఒక వారపత్రిక చూపించింది. "కొన్ని దేశాల్లో ఇది పిల్లలకి బళ్ళోనే నేర్పుతారటే. ఏదైనా వింటే ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు అని అడగాలట."

"మనింట్లో పిల్లలకి అది నేర్పితే హోంవర్కు ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అని మన ప్రాణం తీస్తారు," అన్నాను. ఆవిడ నవ్వి పత్రిక జాగ్రత్తగా మడిచి యథాస్థానంలో పెట్టింది. నేను ఆవిడ మాటలో నవ్వుకోవడానికి వీలున్నంత మేరే వినేదాన్ని, అదే నా జబ్బు.

పోయినేడాది వానలకి నది పొంగింది. అవతలి ఒడ్డుకి వెళ్ళే వంతెన మీదుగా నీళ్ళు పారుతున్నాయని ఎవరో చెప్పగానే మేనేజరు పరుగున వచ్చి, వెంటనే మైకులో చెప్పమని ఒంటికాలి మీద లేచాడు. ఈవిడ తొణకలేదు. వంతెన దగ్గర కాపలాదారుకి ఫోను చేసింది. వెనక్కి తిరిగొచ్చిన డ్రైవరుని పిలిపించి, నీళ్ళు టైరు సగానికి వచ్చాయా, పైకి వచ్చాయా అని అడిగింది. కంట్రోలర్ చేత కాగితం మీద రాయించుకుంది. అన్నీ అయ్యాక మైకు నొక్కింది.

"ప్రయాణికులకు గమనిక. వంతెన మీద నీరు పారుతున్నందున ఈ రోజు అవతలి ఒడ్డుకు వెళ్ళే బస్సులన్నీ రద్దయ్యాయి. దయచేసి ఎవరూ బయలుదేరవద్దు."

ఎంత నిబ్బరంగా చెప్పిందంటే ఏడుస్తున్న చంటిపిల్ల కూడా ఆగిపోయింది. మా అక్క గొంతని నాకు పొంగిపోయినట్టయి, ఫోను తీసి రికార్డు చేశాను. రెండోసారి, మూడోసారి చెప్పింది కూడా చేశాను. మూడోది బాగా వచ్చింది. మా పుట్టింటి వాళ్ళకీ, తెలిసిన గ్రూపులన్నిటికీ పంపాను. ఆ రోజు అది నిజం. దాని వల్ల ఎంతోమంది ఇళ్ళలోనే ఆగిపోయారు కూడా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మైకులో చెప్పేవాళ్ళు తేదీ చెప్పరు. చెప్పిన మాట అప్పటికప్పుడే గాలిలో కలిసిపోతుంది, విన్నవాడు ఎదురుగా నిలబడి ఉంటాడు, ఈ రోజంటే ఏ రోజో వాడికి తెలియకపోతుందా? ఆవిడకి పని నేర్పిన పాత ఉద్యోగి కూడా నంబరు, టైము, ప్లాట్‌ఫాం అనే నేర్పాడు. అంత జాగ్రత్త గల మనిషికి ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తేదీ చెప్పాలని తట్టలేదు. తట్టాల్సిన అవసరమే రాలేదు.

ఈ ఏడాది మళ్ళీ వానలు మొదలయ్యాయి. ఆ పొద్దున నేను తడిసిపోయిన పత్రికల కట్టలు విప్పి, అవతలి ఒడ్డు ఏజెంట్ల కట్టలు విడిగా కట్టి, ఏడున్నర బస్సులో నా చేత్తో ఎక్కించాను. ఎనిమిదింటికి ఎవరో, నదికి నీళ్ళు వస్తున్నాయట అన్నారు. ఫోను చూస్తే ఒక గ్రూపులో రికార్డింగు. నొక్కాను. "ప్రయాణికులకు గమనిక, వంతెన మీద" అనేసరికి, అయ్యో, మా కట్టలు వెళ్ళిన తర్వాత ఆపేసినట్టున్నారు అనుకున్నాను. ఒక పక్క చిల్లర అడుగుతున్నారు, ఇంకో పక్క కట్టలు తడుస్తున్నాయి. ఆఖరిదాకా వినలేదు. పద్నాలుగు గ్రూపులకి పంపించేశాను. అందులో అవతలి ఒడ్డు ఏజెంట్ల గ్రూపు కూడా ఉంది.

మధ్యాహ్నం అక్కడి ఏజెంటు ఫోను చేసి, "బస్సులు తిరుగుతూనే ఉన్నాయి కదా, నువ్వేంటి అలా పెట్టావు?" అని అడిగాడు. అప్పుడు చూసుకుంటే అది పోయినేడాది నేను చేసిన రికార్డింగే. ఎక్కడెక్కడో తిరిగి నా దగ్గరికే వచ్చింది. గబగబా అన్ని గ్రూపుల్లోంచీ తుడిపేశాను. ఎవరికేం నష్టంలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని చేతులు దులుపుకున్నాను. తప్పయిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. పరువు అడ్డొచ్చింది.

మర్నాడు పదింటికి ఒక అమ్మాయి వచ్చింది. పద్దెనిమిదేళ్ళుంటాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు చుట్టిన నీలం ఫైలు. సరాసరి అద్దాల గది దగ్గరికి వెళ్ళి, ఫోను కిటికీకి ఆనించి పట్టుకుంది.

"అమ్మా, ఈ గొంతు మీదేనా?"

మైకమ్మ విని, "నాదేనమ్మా," అంది.

"అయితే నిన్న బస్సులు రద్దయ్యాయని ఒక ఉత్తరం రాసివ్వండమ్మా. మాది నది అవతల. ఈ ఊరి నర్సింగ్ కాలేజీలో నాకు సీటొచ్చింది. నిన్న సాయంత్రం నాలుగింటిలోగా చేరకపోతే పోతుందన్నారు. ఇప్పుడే అక్కడికి వెళ్ళి వస్తున్నా. బస్సులు నడవలేదని బస్టాండు నుంచి ఉత్తరం తెస్తే చూస్తామన్నారు. రెండ్రోజులే టైమిచ్చారు."

"నిన్న బస్సులన్నీ తిరిగాయి తల్లీ."

"మరి మీరే చెప్పారు కదా," అంది ఆ పిల్ల. "మా ఇంట్లో వాళ్ళు వద్దన్నా బయల్దేరేదాన్నే. ఇంకెవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు. మీ గొంతు విన్నాక సంచిలోంచి ఫైలు తీసి బీరువాలో పెట్టేశా."

కొనడానికొచ్చినాయనకి అందించిన పత్రిక ఒక కొస నా చేతిలోనే ఉంది, నేను వదలడం లేదు, ఆయన లాక్కోవడం లేదు. లేచి వెళ్ళి నేనే పంపానమ్మా అని చెప్పడానికి అది సరైన సమయం. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మైకమ్మ ఆ అమ్మాయిని లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆ రికార్డింగుని తన ఫోనులోకి పంపించుకుంది. తర్వాత ఇద్దరూ మేనేజరు గదికి వెళ్ళారు. ఆ గది తలుపు ఎప్పుడూ సరిగ్గా పడదు, నా కొట్టులోకి అంతా వినిపిస్తుంది.

"ఇందులో ఆలోచించేదేముందమ్మా? నకిలీ అనేయండి," అన్నాడు మేనేజరు. "ఈ రోజుల్లో ఎవరి గొంతుతో కావాలంటే వాళ్ళ గొంతుతో తయారుచేస్తున్నారు. ఆ గొంతు నాది కాదని రాసివ్వండి, మన బస్టాండుకి మచ్చ రాదు."

"గొంతు నాదే సార్. మాటలూ నావే. పోయినేడాదివి."

"అంత విడమరిచి చెప్తే ఎవరికి అర్థమవుతుంది?"

"అర్థమయ్యేలా రాస్తాను సార్."

"రాస్తే మీకు మెమో వస్తుంది. తేదీ లేకుండా ఎలా చెప్పారని పైవాళ్ళు నన్నడుగుతారు, నేను మిమ్మల్నడగాలి."

"అడగండి సార్. నిజమే కదా, చెప్పలేదు."

అమ్మాయిని మర్నాడు పొద్దున్నే రమ్మని పంపించి, ఆవిడ తన గదిలో కూర్చుని ఉత్తరం మొదలుపెట్టింది. మధ్యాహ్నం నేను ఉండబట్టలేక వెళ్ళాను. తప్పు ఒప్పుకోవడానికి కాదు. ఒప్పుకోకుండా బయటపడే దారి వెతుక్కుంటూ వెళ్ళాను.

"అక్కా, నిన్న బస్సులు రద్దయ్యాయని ఒక్క ముక్క రాసిచ్చెయ్యి. పిల్ల బతుకు బాగుపడుతుంది. ఆ కాలేజీ వాళ్ళొచ్చి మన బస్సులు లెక్కపెడతారా ఏంటి?"

"రాయొచ్చు," అంది కలం కింద పెట్టి. "ఇంకో ఏడాది నది నిజంగా పొంగుతుంది. నేను మైకులో చెప్తాను. రాని వరదని కాగితం మీద రాసింది ఈవిడే కదా అని ఎవడో బండేసుకుని వంతెన ఎక్కుతాడు. అప్పుడేం చెయ్యనే?"

ఆవిడ రాస్తున్న కాగితం నావైపు తిప్పింది.

"నిజమే రాద్దాం. కాకపోతే మొత్తం రాద్దాం. నా వంతు రాశాను. నీ వంతు మిగిలింది."

"నా వంతేంటి?" అన్నాను నీళ్ళు నములుతూ.

ఆవిడ ఫోను తీసి రికార్డింగు పెట్టింది. గమనిక అయిపోయింది. వంతెన, రద్దు, బయలుదేరవద్దు, అన్నీ అయిపోయాయి. తర్వాత ఒక చిన్న గరగర. దాని వెనకాల, స్పష్టంగా, నేను: "చదివేసి మడతపెట్టేసి పోతే నా పొట్టెలా నిండుతుంది నాయనా, కొంటే కొను లేకపోతే కదులు."

నాకు తల తీసేసినట్టయింది. ఏడాది పాటు ఎన్ని వందల మంది చేతులు మారిందో అది. అంతమందిలో ఆఖరిదాకా విన్నది ఈవిడొక్కతే అయ్యుంటుంది.

"రికార్డు చేసింది నువ్వని విన్న నిమిషంలోనే తెలిసింది. నిన్న పొద్దున పంపింది కూడా నువ్వేనా?"

అబద్ధమాడదామని నోరు తెరిచాను, దేవుడి సాక్షిగా. కానీ ఆవిడ మొహంలో కోపం లేదు. చీటీ చూసి నమ్మకుండా బస్సు దగ్గరికి నడిచొచ్చి చూసే మనిషి, ఎలా చూస్తుందో అలా నన్ను చూస్తోంది. ఏడుపు తన్నుకొచ్చింది. "నేనే అక్కా," అన్నాను. "వినకుండా పంపేశా. నిన్ననే తెలిసింది. చెప్పడానికి మొహం చెల్లలేదు."

"ఆ ముక్క రేపు కాలేజీలో చెప్పు," అని మళ్ళీ కలం తీసుకుంది. ఇంట్లో ఆ సాయంత్రం ఎవరికీ ఏమీ చెప్పలేదు. కనీసం గిన్నె కూడా గట్టిగా పెట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు ముగ్గురం కాలేజీకి వెళ్ళాం. ప్రిన్సిపాల్ గది చిన్నది. గోడకి ఎముకల బొమ్మ, బల్ల మీద దరఖాస్తుల దొంతర, ఎదురుగా మూడు కుర్చీలు. ప్రిన్సిపాల్ మేడమ్ మైకమ్మ ఉత్తరం రెండుసార్లు చదివింది. ఆ మాటలు నావే, ఫలానా తేదీన అవి నిజం, నేను తేదీ చెప్పలేదు కాబట్టి కొత్తవాటిలాగే వినిపించాయి, ఈ అమ్మాయి నన్ను నమ్మి ఆగిపోయింది. అంతే ఉంది అందులో.

"ఈ ఉత్తరం ప్రకారం బస్సులు నడిచాయి," అంది ప్రిన్సిపాల్. "అంటే రావడానికి వీలుంది, ఈ అమ్మాయి రాలేదు. ఫోనులో ఏదో విని మానేస్తే మేమేం చెయ్యగలం? ఒక్కసారి బస్టాండుకి ఫోను చేసి కనుక్కోవాల్సింది కదమ్మా. రేపు వార్డులో కూడా ఇలాగే, ఎవరో చెప్పారని మందు మార్చేస్తావా?"

అమ్మాయి తల వంచుకుంది. కవరు విప్పిన ఫైలు మీద కన్నీటి చుక్క పడితే చున్నీతో తుడిచింది, కాగితాలు తడుస్తాయేమోనని. మైకమ్మ నావైపు చూడలేదు. చూసుంటే బహుశా నేను లేచేదాన్ని కాదు.

"మేడమ్, అది పంపింది నేను," అన్నాను. నా గొంతు నాకే వినపడనంత చిన్నగా వచ్చింది, మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. "నాది బస్టాండులో పుస్తకాల కొట్టు. ఆ పొద్దున ఏడున్నర బస్సులో నా కట్టలు నేనే ఎక్కించాను. బస్సు కదలడం ఈ కళ్ళతో చూశాను. అరగంట తర్వాత ఫోనులో మా అక్క గొంతు విని, బస్సుల్లేవని ఊరందరికీ పంపాను. ఆవిడ నాకు ఇరవై అడుగుల దూరంలో కూర్చునుంది. తల తిప్పితే కనపడుతుంది. నేను తిప్పలేదు. ఈ అమ్మాయి ఫోను చెయ్యలేదంటున్నారు, నిజమే. బస్టాండులో కూర్చున్నదాన్ని నేనే అడగలేదు మేడమ్. ఆవిడ తోడికోడల్ని, ఒకే ఇంట్లో ఉంటాం, నేనే మోసపోయాను. నది అవతల ఉన్న పిల్లని ఏమనగలం? మధ్యాహ్నం తప్పు తెలిసింది కూడా. అప్పటికింకా నాలుగు కాలేదు. నేను వెంటనే చెప్పుంటే ఈ పిల్ల టైముకి వచ్చేదేమో. చెప్పలేదు."

ఆ చివరి మాట నేను ముందుగా అనుకున్నది కాదు. ఆ గదిలో, ఆ అమ్మాయి పక్కన నిలబడి మాట్లాడుతుంటే అప్పుడే నాకూ తెలిసింది. బస్సు ప్రయాణం గంటన్నర. పన్నెండున్నరకి నాకు తెలుసు. అమ్మాయి తలెత్తి నావైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను, మర్చిపోవాలని కూడా లేదు.

ప్రిన్సిపాల్ ఒక తెల్లకాగితం నా ముందుకి జరిపింది. "ఇప్పుడు చెప్పిందంతా రాసి సంతకం పెట్టండి. కమిటీ ముందు పెడతాను. మాటివ్వలేను." పన్నెండున్నర సంగతి కూడా రాశాను.

నాలుగు రోజులకి అమ్మాయి ఫోను చేసింది, చేరలేని ఇంకో అభ్యర్థి సీటు ఇచ్చారట. కొట్టు ముందు ఎవరున్నారో కూడా చూసుకోకుండా ఏడ్చేశాను.

దానికి ముందే, కాలేజీ నుంచి వచ్చిన రోజునే, మైకమ్మ నన్ను తన గదిలో కూర్చోబెట్టి నా గొంతుతో రికార్డు చేయించింది. తేదీ, వారం, టైము, కొట్టు నంబరు చెప్పి, ఫలానా పొద్దున నేను పంపింది పాతది, ఆ రోజు బస్సులు నడిచాయి, నేను వినకుండా పంపాను, నన్ను క్షమించండి అని. పద్నాలుగు గ్రూపులకీ పంపాను. వరద కబురు అరగంటలో నది దాటింది. ఈ కబురుని వందల మంది విన్నారు, ముందుకి పంపింది ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకాయన నవ్వే బొమ్మ తగిలించి పంపాడు.

మైకమ్మకి మెమో వచ్చింది. జవాబుగా రెండు వాక్యాలు రాసిచ్చింది, ఊరుకున్నారు. ఇప్పుడు ఆవిడ ఏం చెప్పినా ముందు తేదీ, వారం చెప్పి మొదలుపెడుతుంది. పొద్దున్నించీ క్యాలెండరు చదువుతోందని డ్రైవర్లు వేళాకోళం చేస్తారు. ఇంట్లో మాత్రం మామూలే, నోరు విప్పదు. ఆ విషయం నా దగ్గర మళ్ళీ ఎత్తలేదు. నేనే ఒకటి రెండుసార్లు ఎత్తబోతే, "పోనివ్వవే," అంది.

మొన్న శనివారం ఉదయం నుంచీ ఒకటే వాన. హాస్టల్ నుంచి ఆ అమ్మాయి ఫోను చేసింది. రెండ్రోజులు సెలవట.

"పిన్నీ, మా వైపు బస్సులు నడుస్తున్నాయా?"

నాకు ఆశ్చర్యమేసింది. "మైకమ్మ నంబరు నీ దగ్గరుంది కదే. అబద్ధం పంపినదాన్ని, నన్నడుగుతావేంటి?"

"ఆవిడనైతే అందరూ నమ్ముతారు," అంది అటునుంచి. "నేను మిమ్మల్ని అడుగుతా. ఇంకెప్పుడూ మీరు చూడకుండా చెప్పరు."

"ఫోను పెట్టేయకు, ఉండు," అని చెప్పి, కొట్టు అలాగే వదిలేసి, బస్సు చూడ్డానికి వానలోకి దిగాను.